నెమలి కంఠం రంగు బండి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. కలర్ మాస్టర్ సాంబయ్య, ఆయన భార్య భూదేవి, తల్లి బుచ్చవ్వ, కొడుకు పరుశురాం, ఊరి నుంచి వచ్చి వాళ్ల దగ్గర ఉంటున్న మేనకోడలు లత. బుచ్చవ్వను అడిగితే మాత్రం ఆరుగురనేది. గుమ్మం ముందు తాటిపత్రి కప్పుకొని నిలబడిన బండిని కూడా ఆమె ఇంటి మనిషి కిందే జమకట్టింది. "మనందరి కన్న ఎక్కువ తాగేది అదే. దాన్ని లెక్కల వెట్టకుంటె ఎట్ల?" అనేది, పెట్రోలు సంగతి గుర్తుచేస్తూ.

సూరత్‌లోని గోడాదరాలో వాళ్లుండే గల్లీలో రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అలాంటి గల్లీలో ఒక అమెరికా బండి ఉందంటే కొత్తవాళ్లెవరూ నమ్మరు. అది ఎప్పుడో ఓడలో దిగిన పాత మస్టాంగ్ కారు. పొడవాటి ముక్కు, రెండే తలుపులు, ముందు జాలీలో పరుగెత్తుతున్న గుర్రం బొమ్మ, ఎడమవైపు స్టీరింగు. ఇంజను స్టార్ట్ చేస్తే పై అంతస్తులో గిన్నెలు కదిలేవి. ఎదురింటి గుజరాతీ ఆమె మంచం మీద ఎండబెట్టిన పాపడాలను చేతులతో పట్టుకునేది. పక్కింటి చంటివాడు మాత్రం ఏడుపు ఆపి, నోరు తెరిచి వినేవాడు.

ఆ బండిని సొంతం చేసుకుని ఆ ఇల్లంతా అలసిపోయింది. దాని వెనక నుంచి ఇంట్లోకి రావాలంటే పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని రావాలి. గ్యాస్ బండ తెచ్చేవాడు వచ్చినప్పుడల్లా తిట్టేవాడు. చుట్టుపక్కల లూముల నుంచి లేచిన దూది నుసి దాని మీద బూజులా పేరుకునేది. సీటు కింద ఎలుకలు పిల్లలు పెట్టేవి. నూలుపున్నమి నాడు నేతవాళ్ల సంఘం తీసే మార్కండేయ స్వామి ఊరేగింపులో ముందు నడవడానికి తప్ప దానితో ఇంకే పనీ లేదు. ఆ ఒక్క రోజు కోసం ఏడాదంతా దాన్ని కడగాలి, తుడవాలి, బ్యాటరీ చావకుండా వారానికోసారి గుర్రుమనిపించాలి. తుడిచే పని లతది.

లత పదో తరగతి దాకా ఊళ్లోని సర్కారు బడిలో చదివింది. సూరత్‌కు వచ్చాక పొద్దంతా అత్తతో పాటు నేల మీద కూర్చుని చీరలకు గమ్ముతో చెమ్కీలూ రాళ్లూ అంటించేది. నోరు విప్పి మాట్లాడేది తక్కువ. ఇరుగుపొరుగు హిందీలో పలకరిస్తే తల ఊపి తప్పించుకునేది. ఇంట్లో వాళ్లతోనైనా ఒక మాటకు రెండో మాట కలిపేది కాదు. అయితే ఒక్క మాట మాత్రం ఆమె రోజూ అనక తప్పేది కాదు.

పొద్దున తాటిపత్రి తీసి బండిని తుడుస్తుంటే సాంబయ్య గడప మీద కూర్చుని చాయ తాగుతూ అడిగేవాడు. "ఎట్లున్నదే లతా?"

"నెమలి కంఠం లెక్కనే ఉన్నది మామా."

"అంచు?"

"జరీ లెక్కనే."

సాంబయ్య తృప్తిగా చాయ గుటక వేసేవాడు. లత బట్టను బకెట్లో ముంచి పిండేది. నీళ్లు కారే చప్పుడు కాస్త గట్టిగా వినిపించేలా పిండేది.

ఎందుకంటే ఆ బండి నెమలి కంఠం రంగులో లేదు. అది వంకాయ రంగులో ఉంది. ఇప్పుడే తోటలోంచి తెంపి నూనె రాసినట్టు నిగనిగలాడే నల్లవంకాయ. జరీ అంచు అనుకుని చుట్టూ తీసిన పట్టీ గంజి నీళ్లలా పాలిపోయి ఉంది. ముక్కు మీద వరసగా అద్దిన మామిడి పిందెలు మాత్రం అచ్చం ఖరీదైన చీర మీద ఉన్నట్టే ఉన్నాయి. ఒక్క గీత కూడా జారలేదు. సాంబయ్య చేతికి ఏ లోపమూ రాలేదు. లోపం కళ్లకు వచ్చింది.

సాంబయ్య జవానీ అంతా ఉధ్నాలోని ఒక ప్రింటింగు మిల్లులో గడిచింది. అక్కడ రంగులు కలిపే గదిని కలర్ కిచెన్ అంటారు. ఆ వంటగదికి ఆయనే పెద్ద. సేఠ్ ఒక గుడ్డపీలిక చూపించి ఇదే రంగు కావాలంటే, డబ్బాలోంచి ఇంత, బకెట్లోంచి అంత తీసి కలిపి, తెల్లగుడ్డ మీద చుక్క పెట్టి ఆరబెట్టి, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూసేవాడు. ట్యూబ్‌లైటు కింద రంగు చూడటం ఆయన దృష్టిలో పాపం. ఆయన చూశాక ఇంకొకరు చూడాలి. వాళ్లు 'మ్యాచ్' అంటే సరిపోదు. ఆ తడి రంగులో బొటనవేలు ముంచి గుడ్డ మూల మీద అద్దాలి. రేపు తాన్లకు తాన్లు చెడిపోతే ఎవరి కన్ను ఒప్పుకుందో ఆ వేలే చెబుతుంది. ఆ కలర్ కిచెన్‌లో వేలు పెట్టడమంటే తమాషా కాదు. జ్వరంగా ఉన్నవాళ్లు, భార్యతో తగాదా పడి వచ్చినవాళ్లు ఆ రోజు వేలు పెట్టమని ముందే చెప్పుకునేవారు.

కళ్లకు పొర కమ్మడం మొదలయ్యాక నీలాలూ ఊదాలూ ఆయనకు మాసిపోయినట్టు కనిపించసాగాయి. చాలడం లేదని ఇంకొంచెం కలిపేవాడు. పెద్ద మాస్టర్ చెయ్యి కదా అని కింది వాళ్లు కళ్లు మూసుకుని వేలు పెట్టేశారు. చీరలు వెనక్కి వచ్చాయి. మిల్లువాళ్లు ఆయన్ని ఏమీ అనలేదు. కొన్నాళ్లు ఆరామ్ చెయ్యండి మాస్టర్‌జీ అన్నారు. ఆ ఆరామ్ ఇంకా అయిపోలేదు. వచ్చేటప్పుడు మిల్లు షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉన్న పాత సేఠ్ బండిని భంగార్ వాడికి తుక్కు కింద ఇచ్చేస్తుంటే, "గా బండి నాకియ్యి సేఠ్" అని అడిగాడు. సేఠ్ కొడుకు సిగ్గుపడి ఇచ్చేశాడు. కాగితాలు కూడా సాంబయ్య పేరు మీదికి మార్చాడు.

దానికి ఆయన తయారు డబ్బా రంగు వేయించలేదు. గల్లీలో పరదాలు కట్టించి, కంప్రెసరు అడిగి తెచ్చి, రంగు తనే కలిపాడు. పట్టుచీర కట్టినట్టు ఉండాలన్నాడు. నెమలి కంఠం ఒళ్లు, జరీ అంచు, మామిడి పిందెలు. మిల్లు వాళ్లకు తన కన్ను ఏంటో ఆ బండే చెప్పాలన్నాడు. చుక్క పెట్టిన గుడ్డను గుమ్మం దగ్గర భూదేవి చేతికిచ్చి, "మ్యాచేనా?" అని అడిగాడు. భూదేవి ఆ గుడ్డ వంక చూసింది, ఆయన ముఖం వంక చూసింది. బొటనవేలు ముంచి అద్దింది. ఆ గుడ్డ ఇప్పటికీ ఇంట్లో మార్కండేయ స్వామి పటం పక్కన మేకుకు వేలాడుతోంది.

లత సూరత్‌లో దిగిన రోజే భూదేవి ఆమెను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "మామ అడిగితె నెమలి కంఠమనాలె. గల్లీ పోరగాండ్లు రింగణ్ గాడీ అంటరు. రింగణంటె వంకాయ. గా మాట మామ చెవిల పడొద్దు."

పిల్లల నోళ్లకు తాళం వేసే పని పరుశురాంది. అతను ఆటో నడుపుతాడు. సాయంత్రాలు పిల్లలందరినీ ఆటోలో కుక్కి పర్వత్ పాటియా దాకా ఉత్తపుణ్యానికి తిప్పి తెచ్చేవాడు. అందుకు బదులుగా వాళ్లు సాంబయ్య ఉన్నప్పుడు రింగణ్ అనరు. సంఘం పెద్దలూ ఊరేగింపులో బండిని చూసి, "మాస్టర్ చెయ్యంటె మాస్టర్ చెయ్యే" అని ఊరుకునేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. చెయ్యి గురించే అన్నారు.

అలా గడిచిపోతుండగా ఆ రోజు రెండు సంగతులు కలిసి వచ్చాయి. పర్వత్ పాటియాలో సంఘం హాలులో కంటి క్యాంపు ఆ రోజే. పొర తీయాల్సిన వాళ్లను అక్కడి నుంచే ఆసుపత్రికి తీసుకుపోతారు. కిందటి క్యాంపులో పరుశురాం తండ్రిని ఎలాగో బతిమాలి చూపించాడు. పొర ముదిరిందనీ, ఇంకా ఆగితే లోపల నరం దెబ్బతింటుందనీ, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరనీ డాక్టరు చెప్పాడు. సాంబయ్య ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. ఈసారీ ఒప్పుకోలేదు.

"కండ్లు కోపిచ్చుకున్న మాస్టర్‌ను ఏ మిల్లోడు పిలుస్తడురా?" అన్నాడు పొద్దున్నే. "నాకు జర మసక ఉన్నది. వయసు గద. రంగు మాత్రం బరాబర్ కనవడుతది. నమ్మకుంటె బండిని చూడు."

పరుశురాం బండిని చూశాడు. టైరును కాలితో తన్నాడు.

"నా రెండు కండ్ల పొరలు తీపిచ్చుకున్న," అంది మూలన కూర్చున్న బుచ్చవ్వ, సోడాబుడ్డి అద్దాలు సవరించుకుంటూ. "సూదిల దారం నేనే ఎక్కిస్త. నీ పెండ్లాం ముఖం మీద మచ్చలు గూడ నేనే లెక్కవెడుత."

"లెక్కవెట్టు అత్తా, నీకేం పని లేదుగ," అంది భూదేవి చెమ్కీల మీద నుంచి తల ఎత్తకుండానే.

రెండో సంగతి రామారావుగారు. హజీరాలో ఒక కంపెనీలో పెద్ద ఇంజినీరు. గోదావరి జిల్లా మనిషి. పాత బండ్లంటే ప్రాణం. ఊరేగింపులో ఎవరో తీసిన ఫోటో చూసి, ఫోను నంబరు సంపాదించి, చూడటానికి వస్తానన్నాడు. భూదేవికి రాత్రంతా నిద్ర లేదు. "గాయన రంగు సంగతి తీస్తె మీ నాయిన పానం పోతది," అని కొడుకుతో అంది. "తియ్యనియ్యను," అన్నాడు పరుశురాం.

రామారావు తన కారును మెయిన్ రోడ్డు మీద వదిలి నడుచుకుంటూ వచ్చాడు. తాటిపత్రి తీయగానే రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "అబ్బబ్బ! సాంబయ్యగారూ, ఎంత బాగా ఉంచారండీ! ఫోటోలో చూసి కంప్యూటర్లో ఏదో మార్చారనుకున్నాను. నిజంగానే ఈ రంగుంది! ఇలాంటి వ..."

పరుశురాం కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. బండి బొబ్బలు పెట్టింది. ఎదురింటామె పాపడాల మీదికి ఉరికింది.

"ఇంజను జర ఇనుండ్రి సార్!" అని అరిచాడు.

ఇంజను ఆగాక రామారావు చెవులు రుద్దుకుని మళ్లీ అందుకున్నాడు. "అద్భుతం. ఇంతకీ ఈ రంగును ఏమంటారండీ?"

"నెమలి కంఠం," అన్నాడు సాంబయ్య.

రామారావు ఒకసారి ఆయన్ని చూశాడు, ఒకసారి బండిని చూశాడు. "నెమలి కంఠమా? కాదండీ, ఇది..."

మళ్లీ ఇంజను. ఈసారి వెనక గొట్టంలోంచి వచ్చిన పొగకు బుచ్చవ్వ దగ్గుతూ, "ఆపురా బాడ్కావ్, పొర తీసిన కండ్లు!" అని కేకేసింది. భూదేవి గబగబా చాయ కప్పు తెచ్చి అతిథి చేతిలో పెట్టి, సాంబయ్యకు వీపు చేసి నిలబడి, కళ్లతోనే చేతులు జోడించినంత పని చేసింది. లత గుడ్డను వేళ్లకు చుట్టుకుంటూ గోడకు అంటుకుపోయింది.

రామారావు తెలివిగలవాడు. చాయ ఊదుకుని రెండు గుక్కలు తాగాడు. తర్వాత నెమ్మదిగా, "సాంబయ్యగారూ, మా పెద్దమ్మాయి పెళ్లి ఉందండీ. నా దగ్గరో పాత ఫియట్ ఉంది. దానికి అచ్చం ఈ రంగే వేస్తారా? పేరేదైనా సరే, ఇదే ఉండాలి. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు," అన్నాడు. సంచిలోంచి ఫియట్ పెట్రోలు మూత మీది చిన్న రేకు తీసి ఇచ్చాడు. "దీని మీద వేసి చూపించండి. ఉధ్నాలో చిన్న పనుంది, చూసుకుని వస్తాను."

ఆయన సందు మలుపు తిరిగేదాకా సాంబయ్య ఆ రేకును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మామ ముఖం అలా వెలగడం లత ఎన్నడూ చూడలేదు.

"ఇన్నరా? ఇంజినీర్ సాబే అడిగిండు. ఇదే రంగు గావాలన్నడు. నాకు కండ్లు లేవట! భూదేవీ, డబ్బాలు దియ్యి. లతా, తెల్లగుడ్డ తే."

"నాయినా, క్యాంపు," అన్నాడు పరుశురాం.

"క్యాంపుకు నువ్వు పో, చెవులు చూపిచ్చుకో. అతిథి మాట్లాడుతుంటె ఇంజను లేపుతావుర?"

గుమ్మం ముందు గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. బండి వైపు చూడలేదు. బండిని చూసి కలపడం ఆయనకు చిన్నతనం. ఏది ఎంతో చేతికి తెలుసన్నాడు. పచ్చ ఇంత పోశాడు, నీలం అంత పోశాడు. కర్రతో తిప్పి కళ్లు చికిలించి చూశాడు. చాలలేదనుకుని ఇంకొంచెం నీలం పోశాడు. ఇంకాస్త, దాని మీద ఊదా. లత గుడ్డ పట్టుకుని పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. బకెట్లో రంగు ముదిరి, ముదిరి, చివరికి బుచ్చవ్వ దీపం మీద పట్టే కాటుకలా అయ్యింది. వంకాయ కూడా కాదు.

సాంబయ్య కర్ర కొసతో గుడ్డ మీద చుక్క పెట్టాడు. నోటితో ఊది ఆరబెట్టాడు. లేచి ఎండలో పట్టుకున్నాడు. బండి తలుపు దగ్గరికి తీసుకుపోయి ఆనించాడు. ముఖం దగ్గరగా పెట్టి చూశాడు.

"బరాబర్," అన్నాడు.

గల్లీలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు ఆగి చూస్తున్నారు. కాటుక చుక్క, వంకాయ తలుపు. ఒకడు నోరు తెరవబోతే పరుశురాం కళ్లెర్రజేశాడు.

"లతా, ఇటు రా. మిల్లుల ఉన్నప్పుడు అందరి కన్న చిన్నోన్ని పిలుస్తుంటిని. చిన్న కండ్లకు మోసముండది." గుడ్డ ఆమె చేతికిచ్చాడు. "చూడు. మ్యాచేనా?"

లత భూదేవి వైపు చూసింది. భూదేవి తల ఊపింది, అను అన్నట్టు. రోజూ అనేదే కదా. నాలుక మీద అరిగిపోయిన మాట.

"మ్యాచే... మామా."

"అట్లయితె వేలు వెట్టు."

లత వేళ్లను పిడికిట్లోకి ముడుచుకుంది.

"వెట్టు బిడ్డా. ఇంజినీర్ సాబుకు చూపియ్యాలె. మా ఇంట్ల కూడా మిల్లు రివాజే అని చెప్త."

ఆయన బకెట్‌ను ఆమె ముందుకు జరిపాడు. లత బొటనవేలు ముందుకు చాచింది. రంగులో తన వేలి నీడ కనిపించింది. మాట అనడం వేరు. మాట గాలిలో పోతుంది. ఇంకాసేపటికి రామారావుగారు వచ్చి ఆ గుడ్డను ఈ తలుపు పక్కన పెట్టి చూస్తాడు. ఆయన మంచివాడే, మెల్లగానే అంటాడు, కాని అంటాడు. మామ మూలన ఉన్న వేలిగుర్తు చూస్తాడు. ఈ లోపు క్యాంపు అయిపోతుంది. లోపలి నరం ఎవరి కోసమూ ఆగదు. ఇదంతా ఆమెకు వరసగా తోచలేదు. ఒక్కసారిగా, దూది మూటేదో నెత్తిన పడినట్టు తోచింది. ఒళ్లంతా అలసట కమ్మింది. రోజూ పొద్దున్నే నెమలి, నెమలి అని అని అలసిపోయిన అలసట.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెట్ట మామా," అంది. "మ్యాచ్ గాదు."

భూదేవి చేతిలోని చీర జారింది. రాళ్లు నేల మీద చిందాయి.

"ఏం గాదు?" అన్నాడు సాంబయ్య.

"బండి ఒక రంగున్నది. చుక్క ఇంకో రంగున్నది. చుక్క నల్లగున్నది."

సాంబయ్య గుడ్డను ఆమె చేతిలోంచి తీసుకుని మళ్లీ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. బండి వైపు చూశాడు. మళ్లీ గుడ్డ. మామూలు గొంతుతోనే అడిగాడు. "బండేం రంగున్నదే?"

లత బండి వైపు తిరిగింది.

"చెప్పు."

"వంకాయ రంగు మామా."

"అంచు?"

"గంజి లెక్క."

"మామిడి పిందెలు?"

"అవి మంచిగున్నయి మామా. అవి నిజంగ మంచిగున్నయి."

గల్లీలో పిల్లల బంతి బండి కిందికి దొర్లింది. తీసుకోవడానికి ఎవడూ రాలేదు. సాంబయ్య తల్లి వైపు తిరిగాడు. బుచ్చవ్వ అద్దాలు తీసి కొంగుతో తుడవసాగింది. కొడుకు వైపు తిరిగాడు. పరుశురాం తాళంచెవిని వేలికి తిప్పుతూ నేల చూశాడు. చివరికి భార్య వైపు తిరిగాడు.

"నువ్వు వేలు వెట్టినవ్ గదనే."

"పెట్టిన," అంది భూదేవి. ఆమె గొంతులో భయం లేదు, ఏడుపూ లేదు. "మిల్లు నుంచి వచ్చినంక నువ్వు అన్నం తినలె. గోడ దిక్కు తిరిగి పండుకున్నవ్. రంగు కలుపుతుంటె లేచి కూసున్నవ్. బతుకుతవని పెట్టిన."

సాంబయ్య గుడ్డ పట్టుకుని లోపలికి వెళ్లాడు. మేకుకు వేలాడుతున్న పాత గుడ్డ తీశాడు. గుమ్మంలోకి వచ్చి, కొత్త గుడ్డనూ పాత గుడ్డనూ రెండు చేతుల్లో ఎత్తి ఎండకు పట్టాడు. రెండూ ఆయనకు ఒక్కలాగే కనిపించి ఉండాలి. భుజాలు దిగిపోయాయి. రెండింటినీ కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పరుశురాం, క్యాంపు ఉన్నదా ఇంక?"

"ఉన్నది నాయినా. ఆటో తిప్పుత, ఒక్క నిమిషం."

"ఆటో వద్దు. బండి తియ్యి."

"బండా? ఇప్పుడా? నాయినా, బజార్ల అందరు..."

"అందరికి ఎరుకే గదరా," అన్నాడు సాంబయ్య. "ఎరుక లేనోన్ని నేనొక్కన్నే. తియ్యి. వంకాయో గింకాయో, నా బండి."

బుచ్చవ్వ నవ్వబోయి దగ్గింది. "మెల్లగ నడుపురా. గుర్రం బెదురుతది," అంది. ఆమె తన ఆపరేషన్ నాటి నల్ల అద్దాలు పెట్టెలోంచి వెతికి తెచ్చి సాంబయ్య జేబులో పెట్టింది.

పరుశురాం ఎడమవైపు ఎక్కి స్టార్ట్ చేశాడు. గిన్నెలు కదిలాయి. పక్కింటి చంటివాడు ఏడుపు ఆపాడు. భూదేవి చెప్పులు వేసుకుని వెనక సీటులోకి దూరింది. సాంబయ్య కుడివైపు కూర్చున్నాడు. ఎప్పటిలా లత ఆ తలుపు దగ్గరికి వచ్చింది. ఆ తలుపు కీలు జారి చాలా కాలమైంది. కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి, తుంటితో ఒక్క నెట్టు నెట్టితేనే మూసుకుపడుతుంది. ఆ కిటుకు ఇంట్లో ఆమెకే పట్టుబడింది. ఊరేగింపు నాడు కూడా మామ కూర్చుని చెయ్యి ఊపేవాడు, ఆమె తలుపు వేసి, పరుగున అటు తిరిగి, పరుశురాం ఎక్కకముందే ఎడమ తలుపులోంచి వెనక సీటులోకి దూరేది.

"నేను గూడ వస్త మామా," అంది. అడగకుండా ఆమె నోటి నుంచి మాట రావడం ఆ ఇంట్లో అదే మొదలు. "ఆడ రంగులు చూపిచ్చి అడుగుతరట. నేను చెప్త."

సాంబయ్య ఆమె వైపు తల తిప్పాడు. పొర కమ్మిన ఆ కళ్లలో తను ఏ రంగులో కనిపిస్తున్నానో లతకు తెలియలేదు. ఆయనకు కోపం ఉన్నట్టు లేదు. ఎక్కడో చాలా దూరం నడిచి వచ్చి కూర్చున్నవాడిలా ఉన్నాడు.

"రోజు పొద్దుగాల నిన్నే అడుగుతుంటి గదనే," అన్నాడు.

"ఔ మామా."

"రోజు చెప్తుంటివి."

"ఔ మామా."

"ఇయ్యాల మంచిగ చెప్పినవ్. ఇంట్ల నీ ఒక్కదాని వేలే నిలవడ్డది. ఆ సంగతి నేను మర్చిపోను." ముందు అద్దం వైపు తిరిగాడు. "నిన్నటిదాంక చెప్పింది గూడ మర్చిపోయెటట్టు లేదు. నువ్వు ఇంటికాడ ఉండు. ఇంజినీర్ సాబొస్తె రేకు ఇచ్చెయ్యి. చాయ తాపి పంపు."

లత తలుపు మీద పెట్టిన చెయ్యి తీయలేదు. ఎత్తి నెట్టాలి కదా అనుకుంది. ఆయన బయటికి వంగి, ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా తలుపు మీద నుంచి విడదీశాడు. కిందికి చెయ్యి పోనిచ్చి, తడుముకుని, తలుపును తనే కొంచెం ఎత్తాడు. గంజి రంగు అంచు, నల్లవంకాయ నిగనిగ ఆమె ముఖానికి దగ్గరగా వచ్చాయి. తలుపు పడింది.